నిలువు పోగు

ఆగస్టు 19, మంగళవారం

దారం కంపెనీ వాళ్లు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఎనిమిది నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఈరోజు నుంచి రాస్తాను. మా ఆయన దుర్గాప్రసాద్‌కి చెప్పుకుందామంటే, టెల్కో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు దిగి చెప్పులు విప్పకుండానే "ఒగ్గేయే దేవీ, ఎప్పుడూ అదే గోలేటి" అంటాడు. ఒగ్గేసే రకాన్ని కాను నేను.

ఈరోజు మా దర్జీ షాపులో మనస్వి కటింగ్ బల్ల పైన గోడకి కాగితం అంటించింది. మా మామయ్య నలభై ఏడేళ్లుగా నిలబడుతున్న బల్ల అది. ఆయన పక్కన నేను ఇరవై ఒక్క ఏళ్లుగా నిలబడుతున్నాను. మా మరిది అమర్‌ని పెళ్లి చేసుకుని ఈ తోడికోడలు ఇదే ఊళ్లోని సోనారి నుంచి మా సీతారాండేరా పేటకి వచ్చి మూడేళ్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా?

కాగితం మీద హిందీలో ఇంతింత అక్షరాలు. అట్టలన్నీ గుడ్డ నిలువు పోగుకి తిన్నగా పెట్టాలట. వాల్చి పెట్టకూడదట, జీన్సు గుడ్డయితే ఉతికాక మెలి తిరుగుతుందట.

వాల్చి పెట్టడమే మామయ్య విద్య! ప్యాంటు ముక్కలు గీసుకునే అట్టల్ని గుడ్డ మీద రవ్వంత ఏటవాలుగా పేరిస్తే, ఒకదాని నడుము సందులో ఇంకోదాని మోకాలు ఇరుకుతుంది. పది ప్యాంట్ల గుడ్డలో పదకొండు వస్తాయి. కార్ఖానా వాళ్ల యూనిఫారాలకి ఖాకీ డ్రిల్లు, నీలం డ్రిల్లు గుడ్డలు అలా కోసే ఆయన ఈ షాపు నిలబెట్టారు. "గుడ్డ పీలిక నేల మీద పడిందంటే అన్నం పారబోసినట్టేనమ్మా" అని చెప్పి నాకు నేర్పారు.

"ఈ కాగితం ఎవరి కోసం?" అన్నాను.

"అందరి కోసం అక్కా" అంది నవ్వుతూ.

అందరూ అంటే ఎవరు? ఆ బల్ల దగ్గర కోసేది నేనొక్కదాన్నే. మామయ్యకి చూపు ఆనక రెండేళ్లయింది. ఆయన వచ్చి గుడ్డ మీద చెయ్యి వేసి, నాలుగు గీతలు గీసి, టీ తాగి వెళ్తారు. ఆ గీతలు నేను మళ్లీ గీసుకుంటాను. ఆయనకి తెలియదు.

నాకు కోపమేమీ లేదు. జరిగింది రాశానంతే.

ఆగస్టు 21, గురువారం

బిష్టుపూర్‌లో బట్టల షాపు పెట్టిన అర్పిత వచ్చింది. దసరా పూజలకి మూడు వందల జీన్సు కావాలట. ఇంత పెద్ద ఆర్డరు మాకు ఇదే మొదలు.

మనస్వి ఉపన్యాసం మొదలెట్టింది. ఫ్రాన్సులో ఏదో ఊరి పేరు మీద డెనిమ్ అన్నారట. ఇటలీలో జెనోవా రేవు పేరు మీద జీన్స్ అన్నారట. డంగరీ అనే మాట బొంబాయి డోంగ్రీదేనట. అమెరికాలో కట్టెలు కొట్టేవాడి పెళ్లాం ఒకావిడ, మొగుడి ప్యాంటు ఎన్నాళ్లూ ఆగడం లేదని దర్జీతో మొత్తుకుంటే, ఆ దర్జీ జేబు మూలలకి రాగి రివెట్లు కొట్టి ఇచ్చాడట. రంగు మాత్రం మనదేనట. బెంగాల్లో, బీహార్లో రైతుల మెడలు వంచి వరి పండే నేలలో నీలిమందు వేయించారట దొరలు. ఆ నీలం నూలు పోగుకి పైపైనే పడుతుందట, లోపల తెల్లగానే ఉంటుందట, అందుకే రాపిడికి వెలిసి అందం వస్తుందట.

అర్పిత నోరు తెరుచుకుని వింది. నేను కాజాలు కుడుతూ విన్నాను. అబద్ధం ఏమీ లేదు, అదే నా ఒళ్లుమంట. ప్రపంచంలో ఉన్న దర్జీలందరి కథా ఆవిడకి తెలుసు. అదే గదిలో స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్న మా మామయ్య, ముసలయ్య అనే దర్జీ కథ మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

యూనిఫారాలు బయటి నుంచి కుట్టి రావడం మొదలయ్యాక ఈ షాపు జిప్పులు మార్చుకునే స్థితికి దిగింది. నిజమే. ఆవిడ వచ్చాకే మిషన్లు వచ్చాయి, ఆరుగురు ఆడవాళ్లకి పని దొరికింది. అదీ నిజమే. నేను కాదన్నానా? కాకపోతే షాపు నడుస్తోంది కదా అని మనిషి నెత్తినెక్కి కూర్చుంటే ఎలా?

ఆగస్టు 24, ఆదివారం

పరీక్ష చేశాను. మిగిలిన జీన్సు గుడ్డతో ఒక ప్యాంటు మామయ్య పద్ధతిలో వాల్చి కోసి, కుట్టి, బకెట్లో నానబెట్టి ఉతికి డాబా మీద ఆరేశాను. సాయంత్రానికి ఎండింది. బాగుంది. కుడి కాలి పక్క కుట్టు ఒక వేలు ముందుకి వచ్చింది, అంతే. క్లిప్పు వంకరగా పెట్టి ఉంటాను. లేదా గాలికి.

బాగానే ఉంది. దాన్ని పీలికల మూటలో అడుగున పడేశాను.

ఆగస్టు 26, మంగళవారం

చెబుతాను, ఆవిడ మనసులో ఏముందో ఈరోజు బయటపడింది.

భోజనాల దగ్గర అమర్ అన్నాడు, విశ్వకర్మ పూజ వెళ్లాక కలకత్తాలో దర్జీల పేట మెటియాబురుజు నుంచి కటింగ్ మాస్టర్‌ని తెద్దామని. మామయ్య ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చట.

"మరి నేను?" అన్నాను.

అమర్ పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ చారు కలుపుకుంటూ, "అక్కా, మీ కళ్లు చాలా షార్ప్. ఫినిషింగ్ మీరు చూసుకుంటే నాకు టెన్షన్ ఉండదు" అంది.

ఫినిషింగ్ అంటే ఏమిటి? కుట్టిన ప్యాంట్లకి వేలాడే దారప్పోగులు కత్తిరించడం. పనికి కొత్తగా చేరిన పిల్లకి మొదటి వారం ఇచ్చే పని. ఇరవై ఒక్క ఏళ్లు కత్తెర పట్టిన దాన్ని పీట మీద కూర్చోబెట్టి పోగులు కత్తిరించమంటోంది.

మా షాపులో ఒక ఆచారం ఉంది. విశ్వకర్మ పూజ రోజు కత్తెర, సుద్ద, మిషన్లు అన్నీ కడిగి, బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచుతాం. ఆరోజు ఎవరూ ముట్టరు. మర్నాడు పొద్దున్న అందరి ఎదుటా కొత్త తాను మీద మొదటి కోత ఎవరు కోస్తే, ఏడాదంతా బల్ల వాళ్లది. నలభై ఏడేళ్లూ మామయ్యే కోశారు. ఆయన తర్వాత నేనే అని ఆయనే అన్నారు, మా అత్తగారు బతికున్నప్పుడు, అందరూ వింటుండగా.

ఇంక ఇరవై మూడు రోజులుంది.

మామయ్య అన్నం మధ్యలో చెయ్యి ఆపి, "ఏటి, నాను ఇశ్రాంతి అడిగినానేటి?" అన్నారు. అమర్ చారు గిన్నె ఆయన వైపు జరిపాడు.

ఆగస్టు 27, బుధవారం. చవితి

మొగుడూ పెళ్లాలు పండక్కి సోనారి వెళ్లారు. ఎల్లుండి వస్తారట. పీడా పోయింది.

ఆగస్టు 28, గురువారం

మూడు వందలూ కోసేశాం! ఒక్కరోజులో. చేతులు పడిపోతున్నాయి కానీ ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో.

పొద్దున్న తాను పరిచాను. అరవై పొరలు. మామయ్య పదకొండింటికి వచ్చారు. "మావయ్యా, ఈసారి అట్టలు మీరే పెట్టండి" అన్నాను.

ఆయన మొహం చూడాలి. నెలల తరబడి ఎవరూ ఆయన్ని అలా అడగలేదు. చొక్కా చేతులు మడిచి, గుడ్డ మీద అరచేయి ఆనించి, అంచు నుంచి అంచుకి జానలు వేసి కొలుచుకున్నారు. కళ్లతో పనేముంది ఆయనకి? ఒక్కో అట్టా వాల్చి, పక్కదాని నడుములోకి జరిపి, వేలితో సందు చూసి, "ఊఁ, గీయమ్మా" అన్నారు. నేను గీశాను. పైపొర మీద గీత పడ్డాక మిషన్ కత్తితో కోశాను. పంతొమ్మిది మీటర్లు మిగిలింది. పంతొమ్మిది!

ఆ ముసలాయనకి ఒక రోజు సంతోషం ఇచ్చాను. ఈ ఇంట్లో ఎవరిచ్చారు అంత?

గోడ మీద కాగితం సంగతి నాకు గుర్తు రాలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

మనస్వి వచ్చింది. మిగిలిన గుడ్డ చూసి, "ఇంత ఎలా మిగిలింది అక్కా?" అంది.

"మామయ్య చెయ్యి" అన్నాను. "అట్టలు ఆయనే పెట్టారు."

అప్పటికే ముక్కలన్నీ కట్టలు కట్టి, చీటీలు కుట్టి, మిషన్ల దగ్గర పెట్టేశాను. ఒక కట్ట విప్పి చూసింది. ముక్కగా చూస్తే ఏం తెలుస్తుంది? మామయ్య కాళ్ల దగ్గర కూర్చుని "థాంక్యూ మామయ్యా" అంది. ఆయన పొంగిపోయారు.

ఈ నటన ఎక్కడ నేర్చుకుందో!

సెప్టెంబర్ 2, మంగళవారం

కుట్టడం సాగుతోంది. మామయ్య రోజూ పదింటికే వచ్చేస్తున్నారు. ఆడవాళ్లకి కబుర్లు చెబుతున్నారు. ఈరోజు వాళ్ల నాన్న కథ చెప్పారు. పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేసిన మనిషి.

"మా అయ్యకి డంగరీ గుడ్డ ఇచ్చేవోరు. ముతక నీలం గుడ్డ. నిప్పురవ్వ పడినా కాలేది కాదు. పని అవగానే ఇప్పేసి, తెల్ల పంచె కట్టుకుని ఇంటికొచ్చేవోడు. ఎందుకయ్యా అంటే, కూలోడి గుడ్డతో ఈదిలో నడిత్తే పరువు నేదురా అనేవోడు. ఇప్పుడు దొరసాన్లు అదే గుడ్డ సింపుకుని మరీ కట్టుకుంతన్నారు."

అందరూ నవ్వారు. మనస్వి కూడా మిషన్ ఆపి నవ్వింది. తర్వాత ఆయన, ఎనభైల్లో ఒక కుర్రాడు కలకత్తా నుంచి తెచ్చుకున్న జీన్సు పొట్టి చేయమని ఇస్తే వరసగా మూడు సూదులు విరిగాయనీ, "ఇది గోనెసంచిరా, పట్టుకుపో" అని వాడి మొహాన విసిరానని చెప్పారు.

మనస్వి ఇదంతా ఫోన్‌లో రికార్డు చేసుకుంది. అర్పితకి పంపుతుందట. ఇన్నాళ్లకి గుర్తొచ్చాడన్నమాట ముసలయ్య!

సెప్టెంబర్ 6, శనివారం

మూడు వందలూ ఆదిత్యపూర్ వాషింగ్‌కి వెళ్లాయి. అక్కడ పెద్ద డ్రమ్ముల్లో వేడి నీళ్లతో, రాళ్లతో తిప్పుతారు. బకెట్లో ఉతికినట్టు కాదు.

ఏమీ కాదు.

సెప్టెంబర్ 11, గురువారం

బట్టలు వచ్చాయి.

సెప్టెంబర్ 12, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను.

మొదటి మూట విప్పగానే అమర్ ఒక ప్యాంటు తీసి దులిపాడు. కాలు మెలితిరిగి ఉంది. పక్కన ఉండాల్సిన కుట్టు మోకాలు దాటేసరికి ముందుకి పాకి, కింద పాదం నడిమధ్యకి వచ్చింది. రెండోదీ అంతే. ఇరవయ్యోదీ అంతే. అమర్ మూట మూట విప్పి నేల మీద గుమ్మరించాడు. "సబ్ బర్‌బాద్! సబ్!" అని, అంతా నాశనమైందని అరుస్తూనే ఉన్నాడు.

మనస్వి అరవలేదు. నేల మీద కూర్చుని ఒక ప్యాంటు కుట్టు విప్పింది. ముక్కని వెలుతురుకి పెట్టి, సూదితో ఒక నిలువు పోగు లాగి, అది ఎటు పోతోందో చూసింది. ముక్క అంచు వెంట తిన్నగా పోవాల్సింది నాలుగు వేళ్లు ఎడంగా పోయింది పోగు.

"వాల్చి కోశారు" అంది మెల్లగా. "అట్టలు ఎవరు..." అని ఆగిపోయింది. ఎవరు పెట్టారో ఆవిడకి నేనే చెప్పాను కదా.

మామయ్య స్టూలు మీంచి లేచారు. "నానేనమ్మా. నానే ఎట్టినాను."

"మనస్వి కాగితం అంటించింది కదా! ఆ కాగితం ఏది?" అమర్ నా వైపు తిరిగాడు.

"నాకేం తెలుసు? గాలికి పోయిందేమో" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే ఫ్యాను గాలికి రోజూ ఏదో ఒకటి ఎగిరిపోతూనే ఉంటుందని కూడా అన్నాను.

మనస్వి వెళ్లి మామయ్య చెయ్యి పట్టుకుంది. "పర్వాలేదు మామయ్యా. నేను ఇక్కడ ఉండాల్సింది. తప్పు నాది" అంది.

ఆ మాటకి నాకు ఆవిణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. ఎంత మంచిదండీ! ఒక్కసారి ఆయన్ని తిట్టి ఉంటే, ఒక్క మాట అని ఉంటే, నేను ఆయన పక్షాన లేచి దులిపేసి ఉండేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

కాగితం ఈ డైరీ వెనక అట్టలో ఉంది. ఇరవై ఎనిమిదిన పొద్దున్నే, మామయ్య రాకముందు నేనే తీశాను. మూలలు చిరగకుండా, గోరుతో టేపు లేపి తీశాను.

ఎందుకు తీశానో నాకు తెలియదు.

సెప్టెంబర్ 13, శనివారం

తెలుసు.

ఆ రోజు మామయ్య మొదటి అట్ట చేతిలోకి తీసుకుని అడిగారు. "కోడలా, ఈ గుడ్డ తిన్నంగా కొయ్యాలని మనస్వి గుంట సెప్పినాది గదా? కాయితం కూడా ఎట్టినాదంట గదా?"

నేను అన్నాను. "అది వేరే గుడ్డకి మావయ్యా. దీనికి మీ పద్ధతే మంచిదని తనే చెప్పి వెళ్లింది."

అంత శుభ్రంగా వచ్చింది అబద్ధం. ఆయన నమ్మారు. నమ్మడమే కాదు, ఆవిడ తన పద్ధతి మెచ్చుకుందని మురిసిపోయారు.

పంతొమ్మిది మీటర్లు మిగిలితే అందరి ముందూ ఆవిడ మొహం మాడిపోవాలని, పూజ నాటికి కత్తెర నా చేతికి రావాలని. అంతే. పాడవుతాయని అనుకోలేదు. బకెట్లో వేలంత తిరిగింది చూసి కూడా అనుకోలేదు.

ఈ పేజీ చింపేయాలి.

సెప్టెంబర్ 14, ఆదివారం

మామయ్య షాపుకి రావడం మానేశారు. నిన్న రాత్రి, ఇవాళ పగలు అన్నం ముట్టలేదు. ప్యాంట్లని మనస్వి మోకాలి పైకి కోసి నిక్కర్లు చేస్తోంది. అంత పొట్టిలో మెలిక తెలియదు. అర్పిత నూట నలభై తీసుకుంటానందట, మిగతావి వద్దంది. అడిగితే నేనూ కుట్టాను. మేమిద్దరం ఎదురెదురు మిషన్ల మీద ఆరు గంటలు కూర్చున్నాం. చచ్చినా ఆవిడంటే నాకు పడదు, ఇప్పుడింకా పడదు.

సాయంత్రం మామయ్య కొడుకులిద్దరినీ పిలిచి చెప్పారు. పూజలో తన కత్తెర పెట్టవద్దని. "నా సెయ్యి పోనాదిరా. మొదటి కోత దేవి కోత్తాది. దానికి ఇచ్చేయండి. కలకత్తా మేత్తిరీ గీత్తిరీ వొద్దు."

అమర్ సరేనన్నాడు. మనస్వి కూడా తలూపింది.

గెలిచాను. కావాలనుకున్నది ఇదే కదా.

సెప్టెంబర్ 16, మంగళవారం

మధ్యాహ్నం మామయ్య ఇంట్లో లేరు. గొడుగూ లేదు. చినుకులు పడుతున్నాయని నేనే వెతకడానికి వెళ్లాను. మూడు వీధుల అవతల భీమారావు గారి వరండాలో ఉన్నారు. క్రేను ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి ఆయన, మాకు పాత ఖాతాదారు.

మామయ్య చేతిలో ఒక ఖాకీ ప్యాంటు ఉంది. ఎప్పుడో తనే కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసి జల్లెడలా అయిపోయింది. దాన్ని నడుము పట్టి వేలాడదీసి, పక్క కుట్టు మీద పైనుంచి కింద దాకా వేళ్లతో తడుముతున్నారు.

"తిన్నంగానే ఉన్నాది బావా" అంటున్నారు భీమారావు గారు. "ముప్పయ్యేళ్లు కట్టినాను. నానెప్పుడైనా కంప్లైంటు సెప్పినానా?"

"నువ్వు మొగమాటానికి సెప్పలేదేమో."

"నీకాడ నాకు మొగమాటమేటి!"

"ఇంకోటి ఉన్నాదా? ఒకపాలి సూపించు."

భీమారావు గారి భార్య నన్ను చూసి గుమ్మం బయటికి వచ్చింది. నాలుగు రోజులుగా ఇదే పనట. తను కుట్టిన బట్ట ఉందా అని ఇంటింటికీ వెళ్లి అడుగుతున్నారట. కొందరు లేదన్నారట, కొందరు పాత పెట్టెలు విప్పి ఇచ్చారట. అన్నీ తిన్నగానే ఉన్నాయి, ఆయన ఒక్కటీ నమ్మడం లేదు.

"నా సెయ్యి ఎప్పుడు పోనాదో తెల్దు కోడలా" అన్నారు నన్ను చూసి. "మొన్నే పోనాదో, మొదట్నుంచీ నేదో. ఎంతమందికి అలాగ కుట్టి ఇచ్చీసినానో. కూలోళ్లు, నోరెత్తలేరు గదా."

వర్షంలో ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. దారి పొడుగునా ఏడ్చాను. వాన కదా, ఆయనకి తెలియలేదు.

ఎల్లుండి అందరి ముందూ చెప్పేస్తాను. బల్ల పోతే పోనీ. పీట మీద కూర్చుని పోగులు కత్తిరిస్తాను. ఆవిడ నన్ను చూసి నవ్వితే నవ్వనీ.

సెప్టెంబర్ 17, బుధవారం. విశ్వకర్మ పూజ

ఊరంతా మైకులు. మిషన్లు కడిగి పువ్వులు పెట్టాం. మామయ్య కత్తెర పెట్టొద్దన్నా మనస్వి తీసుకొచ్చి దేవుడి ముందు నడిమధ్య పెట్టింది. నేను పెట్టాలనుకున్నాను. ఆవిడే పెట్టింది.

చెప్పాల్సిన మాటలు ఐదుసార్లు అనుకున్నాను.

సెప్టెంబర్ 18, గురువారం

పొద్దున్న అందరూ వచ్చారు. ఆరుగురు ఆడవాళ్లు, అమర్, మనస్వి, సెలవు పెట్టుకుని మా ఆయన. మామయ్యని కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద కొత్త తాను. అమర్ కత్తెర తెచ్చి "వదినా" అని చేయి చాపాడు.

నేను తీసుకోలేదు. డైరీలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది గాలికి పోలేదు. నేనే తీశాను. మామయ్య నన్ను అడిగారు, తిన్నగా కొయ్యాలేమో అని. అది వేరే గుడ్డకని నేను అబద్ధం చెప్పాను. ఆయన తప్పేమీ లేదు. మూడు వందలూ నేనే పాడుచేశాను. మనస్వి మీద కచ్చతో చేశాను."

మా ఆయన తల దించేసుకున్నాడు. అమర్ కత్తెర బల్ల మీద పెట్టేశాడు. మనస్వి కాగితం తీసుకుని, మూలలు చూసింది. చిరగని మూలలు. తర్వాత నన్ను చూసింది. మూడేళ్లలో మొదటిసారి నవ్వకుండా చూసింది. ఆవిడ నమ్మింది.

నేను మామయ్య దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాను. "మావయ్యా, మీ చెయ్యి పోలేదు. మీరు అడిగారు. నేనే..."

ఆయన నుదురు రుద్దుకున్నారు.

"నాను అడిగినానా?"

"అడిగారు మావయ్యా. మొదటి అట్ట చేతిలో పట్టుకుని అడిగారు."

"నాకు గురుతు నేదే."

"నాకు గుర్తుంది. ఒట్టు."

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. నాకు క్షమాపణ దొరికిందనుకున్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశారు. గదిలో అందరి వైపూ తిరిగారు.

"ఇన్నారా? ఈ ముసిలోడి తప్పు తన నెత్తినేసుకుంతన్నాది. పిచ్చి తల్లి! నాను అడిగితే నాకు గురుతుండదా? నా కోసం అబద్ధమాడతన్నాది."

"కాదు మావయ్యా! కాగితం చూడండి, నా దగ్గరే..."

"కాయితం నాకేటి కనిపిత్తాది. ఏదో ఒకటి తెచ్చుంటావు. నెగు, నెగు. పదిమందిలో ఏడవకు."

నేను మనస్వి వైపు చూశాను. "చెప్పు! నువ్వైనా చెప్పు ఆయనకి" అన్నాను. ఆవిడ వచ్చి నా భుజం పట్టి లేపింది. బయటికి ఎంతో ఆప్యాయంగా పట్టుకున్నట్టుంది. వేళ్లు మాత్రం ఎముకలోకి దిగాయి.

"ఇప్పుడు ఆయన నాలుగు మెతుకులు తినేలా ఉన్నారు" అంది నా చెవిలో. "మీ నిజంతో అది కూడా పోగొట్టకండి. కోయండి అక్కా. ఆయన చూస్తున్నారు."

కత్తెర తీసుకున్నాను. కోశాను. అందరికంటే ముందు మామయ్య చప్పట్లు కొట్టారు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మామయ్య షాపుకి రాలేదు. ఇంక రారట. రాత్రి అన్నం తిన్నారు, పొద్దున్న రెండు ఇడ్లీలు తిన్నారు. తిని ఊళ్లోకి బయల్దేరారు.

మనస్వి గోడకి అదే కాగితం మళ్లీ అంటించింది. ఏమీ అనలేదు. ఇంక జన్మలో ఏమీ అనదు, ఆ సంగతి నాకు తెలుసు. అక్కా అని మాత్రం పిలుస్తుంది.

సాయంత్రం కూరల బండి దగ్గర భీమారావు గారి భార్య కలిసింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పొద్దున్న మామయ్య వాళ్లింటికి వెళ్లారట. ఈసారి ప్యాంటు చూపించమనలేదట. నా గురించి చెప్పడానికి వెళ్లారట. అక్కడి నుంచి పక్కింటికి, ఆ పక్కింటికి కూడా వెళ్లారట.

"సెయ్యి పోయినా పరవానేదు, ఇలాంటి కోడలుంటే సాలు అంతన్నాడమ్మా మీ మావ. మామందరం కళ్లనీళ్లెట్టుకున్నాం" అంది.

బెండకాయలు ఏరుకుంటున్న ముగ్గురు ఆడవాళ్లు ఆగి నన్ను చూశారు. ఒకావిడ తన కూతురికి నన్ను చూపించింది. ఈ వీధిలో ఇప్పుడు నా అంత మంచి కోడలు లేదు.